జక్కయ్య కూర్చిన లైను

ఆ చీటీలో ఉన్నవి నాలుగే లైన్లు. "ఈ పుస్తకమందు ముప్పయ్యేడవ పేజీలోని పన్నెండవ లైను, జక్కయ్య అను కంపోజిటరు దురుద్దేశముతో చేర్చినది. అతనిని పనినుండి తొలగించడమైనది. పాఠకులు ఆ లైనును కొట్టివేసి చదువుకొనవలెనని ప్రార్థన." అచ్చయిన ప్రతి పుస్తకంలోనూ అట్టకీ మొదటి పేజీకీ మధ్య ఆ చీటీ అంటించారు. మిగిలిన చీటీలు కట్టగట్టి గవర్నర్‌పేటలోనూ వన్ టౌన్‌లోనూ ఉన్న ప్రెస్సులన్నిటికీ పంపారు. ముప్పయ్యేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ అచ్చుకెక్కించిన జక్కయ్య పేరు మొట్టమొదటిసారి అచ్చులో పడింది అలాగ.

ఆ నాలుగు లైన్లలో అబద్ధం ఎంతో చీటీ కూర్చినవాడికి తెలుసు. పన్నెండో లైను జక్కయ్య కూర్చిన మాట నిజమే. పేజీలో చేర్చింది మాత్రం జక్కయ్య కాదు. చేర్చినవాడే చీటీ కూడా కూర్చాడు. అతని పేరు రామకోటేశ్వరరావు, అప్పటికి ఇరవై మూడేళ్ళు.

అది 1974. గవర్నర్‌పేటలో రెండు లాడ్జీల మధ్య సందులో ఉండేది ఆ ప్రెస్సు. ముందు గదిలో ఓనరు వెంకటకృష్ణారావుగారి బల్ల, వెనక గదిలో నలుగురు కంపోజిటర్లు, దాని వెనక రేకుల షెడ్డులో అచ్చు మిషను. ఓనరుగారిది గుడివాడ వైపు రైతు కుటుంబం. దుర్మార్గుడేం కాదు. పనివాళ్ళకి జ్వరం వస్తే తనే రిక్షా పిలిపించి ఇంటికి పంపేవారు. ఆయనకున్న కోరికల్లా ఒకటే. ప్రెస్సు ఓనరు వస్తున్నాడని కాక, పెద్దమనిషి వస్తున్నాడని నలుగురూ లేచి నిలబడాలి.

కోటేశ్వరరావు ఉయ్యూరు దగ్గర పల్లెటూరివాడు. పదో తరగతి తప్పి పట్నం వచ్చి ఆ వెనక గదిలో చేరాడు. అతను చదివిన పుస్తకాలన్నీ తలకిందులుగా చదివినవే. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి, చేతిలో పట్టుకునే ఇనప స్టిక్కులో వరసగా పేర్చి లైను చెయ్యాలి. ఆ చదువు చెప్పినవాడు జక్కయ్య. ఏ అక్షరం ఏ గడిలో ఉందో కళ్ళు మూసి వేళ్ళకు నేర్పించాడు. అందుకే అతన్ని కోటేశ్వరరావు బాబాయ్ అని పిలిచేవాడు.

జక్కయ్య గుణదల మనిషి. కుర్రతనంలో క్రైస్తవ మిషను వాళ్ళ ప్రెస్సులో ప్రార్థన పుస్తకాలు కూరుస్తూ పని నేర్చుకున్నాడు. నల్లగా, సన్నగా, ఎప్పుడూ చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఉండేవాడు. పనిలో వంక పెట్టడానికి ఉండదు. ఉన్న వంకంతా నోట్లోనే. అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పేవాడు, అడిగినవాడు ఎవడన్నది చూడకుండా.

ఒకసారి ఒక కవిగారు తన పుస్తకం ప్రూఫులు చూసుకోవడానికి వచ్చి, "ఏమయ్యా, కూరుస్తున్నావు కదా, ఎలా ఉందంటావు నా కవిత్వం?" అని అడిగాడు.

"మా అక్షరాల కేసులో 'హృ'లు ఎనిమిదే ఉన్నాయండి. మీరు పేజీకి అయిదేసి హృదయాలు వాడుతున్నారు. కొంచెం తగ్గించి రాసుకొస్తే మాకు సుఖంగా ఉంటుంది," అన్నాడు జక్కయ్య.

కవిగారు ఆ మధ్యాహ్నమే రాతప్రతి పట్టుకుపోయి ఇంకో ప్రెస్సులో ఇచ్చుకున్నాడు. మర్నాడు ఓనరుగారు వెనక గది గుమ్మంలో నిలబడి, "ఇవాళ్టి నుంచి ఇక్కడ నోళ్ళు మూసుకుని పని చెయ్యండి. మాట వినపడిందా, ఎవరన్నది చూడను," అని చెప్పి వెళ్ళారు.

నలుగురు మగవాళ్ళు పొద్దస్తమానం మాట లేకుండా నిలబడి పని చెయ్యడం ఎంత కష్టమో రెండు రోజుల్లోనే తెలిసింది. మూడో రోజున జక్కయ్య తన స్టిక్కులో ఏదో కూర్చి, దాన్ని కోటేశ్వరరావు ముందు పెట్టాడు. ఏదో పనిలో లైను కాబోలు అనుకుని కోటేశ్వరరావు చూశాడు. "టీ తాగుదామా?" అని ఉంది. కోటేశ్వరరావు తన స్టిక్కులో "నేను రెడీ" అని పేర్చి చూపించాడు. పక్కవాళ్ళిద్దరూ అందుకున్నారు. వారం తిరిగేసరికి ఆ గదిలో కబుర్లన్నీ సీసంలోనే నడుస్తున్నాయి. ఎత్తిపొడుపులు, వెక్కిరింతలు, భార్యల మీద చాడీలు, అన్నీ. ఓనరుగారు గుమ్మంలోకి వచ్చి చూస్తే నాలుగు తలలు వంగి బుద్ధిగా పని చేసుకుంటూ కనిపించేవి. జక్కయ్య ఒక్క కట్టడి పెట్టాడు. చదివిన లైను చదివినవాడే అప్పటికప్పుడు విప్పి, అక్షరాలు వాటి వాటి గళ్ళలో వేసెయ్యాలి. "నోటి మాటైతే గాల్లో పోతుందిరా. ఇది పోదు. మనమే పోగొట్టాలి," అని టీ కొట్టు దగ్గర చెప్పాడు.

ఆ రోజుల్లోనే ఓనరుగారి పుస్తకం పనిలోకి వచ్చింది. 'మా నాన్నగారు' అని పేరు. రచన వెంకటకృష్ణారావు. రాతప్రతి మాత్రం గుండ్రటి, అందమైన దస్తూరీలో ఉంది. ఆ దస్తూరీ వెనక గదిలో అందరికీ తెలుసు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రిటైరైన తెలుగు మాస్టారిది. ఓనరుగారి దస్తూరీ ఎవరూ చూసి ఎరగరు, సంతకం తప్ప.

తెలుగు బాగుంది. కూరుస్తూ కూరుస్తూ కోటేశ్వరరావు రెండుచోట్ల ఆగిపోయి మళ్ళీ చదువుకున్నాడు. మనసు ఊరుకోక స్టిక్కులో పేర్చాడు: "ఇంత మంచి తెలుగు ఓనరుగారికి ఎక్కడిది?"

జక్కయ్య చూశాడు. నవ్వలేదు. తాపీగా ఒక లైను కూర్చి అతని ముందు పెట్టాడు.

"రాసింది ఓనరుగారు కాదు, చదివిందీ లేదు."

కోటేశ్వరరావు పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాడు. విప్పి అక్షరాలు గళ్ళలో వెయ్యాలి. ఈలోగా మాస్టారు దిద్దిన ముప్పయ్యేడో పేజీ ప్రూఫు చేతికొచ్చింది. అందులో ఒక లైను తీసేసి మరొకటి కూర్చాలి. కట్టిన పేజీలోంచి లైను తీస్తే పేజీ వదులైపోయి పక్క అక్షరాలు రాలిపడతాయి. కొత్త లైను వచ్చేదాకా ఏదో ఒకటి అదే కొలతది ఆ సందులో దూర్చి ఉంచడం ప్రతి కంపోజిటరూ చేసేదే. జక్కయ్య లైను సరిగ్గా అదే కొలతలో ఉంది, పుస్తకం కొలతకి బిగించిన స్టిక్కులోనే కూర్చాడు కనక. కోటేశ్వరరావు దాన్ని తీసి సందులో పెట్టాడు. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాడు.

ఆ రెండు నిమిషాలూ దొరకలేదు. షెడ్డులోంచి అచ్చు మిషను నడిపే రత్తయ్య కేకేశాడు. "కోటేశ్వర్రావ్! ఆ పేజీలు పట్రావయ్యా, ఓనరుగారిక్కడ నిలబడే ఉన్నారు!" పుస్తకావిష్కరణ సభ ఆదివారం. ఓనరుగారికి కాలు నిలవడం లేదు. జక్కయ్య అప్పటికి అన్నానికి వెళ్ళాడు. కోటేశ్వరరావు పేజీలు పట్టుకెళ్ళాడు. ఆఖరి ప్రూఫు తీశారు. ఎప్పుడూ దాన్ని మాస్టారు చూడాలి. "ఆయనకెందుకు పంపడం, మళ్ళీ సాయంత్రమవుతుంది. నేనే చూసుకుంటాలే," అని ఓనరుగారు కాయితం అందుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, "చూశాను, ముద్రించవచ్చు" అని రత్తయ్య చేత రాయించి కింద సంతకం పెట్టారు. పెట్టి, "నువ్వు ఇలా రా, సభ ఆహ్వానాలు కూర్చాలి, గంటలో కావాలి," అని కోటేశ్వరరావుని లాక్కుపోయారు.

అతను ఆ లైను సంగతి మరిచిపోయాడు. పూర్తిగా, మనసులో ఎక్కడా గుచ్చుకోకుండా మరిచిపోయాడు.

ఆదివారం సాయంత్రం సభ. ముందు వరసల్లో ఊళ్ళో ప్రెస్సు ఓనర్లు, కాయితం వ్యాపారులు. వెనక బెంచీల మీద పనివాళ్ళు. ముఖ్య అతిథి రిటైరైన హెడ్మాస్టరు, కంచు గొంతు. "ఈ పుస్తకం ఏ పేజీ తెరిచినా మనసు తడుస్తుంది. ఇదుగో చూడండి," అని చేతికందిన పేజీ తెరిచి మైకులో చదవడం మొదలుపెట్టాడు.

"ఆనాడు బందరు కాలవ గట్టుకు గండి పడింది. ఊళ్ళో మగవాళ్ళందరూ ఏమి చేయాలో తోచక నిలబడిపోయారు. మా నాన్నగారు తలపాగా విప్పి నడుముకు చుట్టుకుని నీళ్ళలోకి దిగారు. ఆ దృశ్యం కళ్ళారా చూసినవాడిగా నేను చెప్పగలిగినది ఒక్కటే. రాసింది ఓనరుగారు కాదు, చదివిందీ లేదు."

అదే ఊపులో, అదే కంచు గొంతుతో చదివేశాడు. చదివాక కళ్ళజోడు తీసి పేజీని దూరంగా పట్టుకుని చూశాడు. ఎక్కడో మధ్య వరసలో ఒకడు ఫక్కున నవ్వాడు. తరవాత నవ్వినవాళ్ళని లెక్క పెట్టలేం. ఓనరుగారు ఆ వాక్యానికి కూడా అలవాటుగా తల ఊపి, ఒక్క క్షణం ఆలస్యంగా ఆగారు. కోటేశ్వరరావుకి సందులో దూర్చిన లైను అప్పుడు గుర్తొచ్చింది. పక్కన కూర్చున్న జక్కయ్య అతని వైపు తిరగలేదు. తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్న ఓనరుగారు వెనక గదిలోకి వచ్చారు. రత్తయ్యని కూడా పిలిపించారు. మాస్టారు ముందు గదిలో తల వంచుకుని కూర్చుని ఉన్నారు.

"ఎవడ్రా అది?"

"కూర్చింది నేనండి," అన్నాడు జక్కయ్య.

"పేజీలో ఎవడు పెట్టాడు?"

"అది నన్నడక్కండి."

ఓనరుగారు అందరి మొహాలూ చూశారు. కోటేశ్వరరావు నోరు తెరిచాడు. మాట గొంతు దాకా వచ్చింది. అక్కడి నుంచి రాలేదు. ఇంటి దగ్గర మంచం పట్టిన అమ్మ కళ్ళ ముందు మెదిలిందని ఆ తరవాత చాలా కాలం తనకి తాను చెప్పుకున్నాడు. ఆ క్షణంలో అమ్మ మెదల్లేదు. భయం తప్ప ఏదీ మెదల్లేదు.

ఓనరుగారు కోపం దిగమింగుకున్నారు. "సరే. ముప్పయ్యేళ్ళ పనిమంతుడివి, ఒకసారికి వదిలేస్తా. తప్పొప్పుల పట్టిక ఒకటి కూర్చు. నీ చేత్తో నువ్వే కూర్చు, ఆ లైను తప్పని. పుస్తకాల్లో అంటిద్దాం. నీ పని నీకుంటుంది."

అంతకంటే దయ ఆ రోజుల్లో ఏ ఓనరూ చూపించడు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జక్కయ్య కాసేపు ఆలోచించాడు. వెటకారానికి కాదు, నిజంగానే ఆలోచించాడు. పని ఎలా చెయ్యాలా అని ఆలోచించే మొహం అది.

"పట్టికలో రెండు గళ్ళుంటాయి కదండి. 'తప్పు' కింద ఈ లైను పెడతాను. 'ఒప్పు' కింద ఏం పెట్టమంటారు?"

రత్తయ్య నేల వైపు చూశాడు.

"ఒళ్ళు పొగరెక్కిందిరా నీకు!"

"పొగరు కాదండి. ఒప్పు లేకుండా తప్పు ఒక్కటీ ఎలా వేస్తాం? రాసింది నేనే అని మీ నోటితో ఒక్క మాట చెప్పండి, ఒప్పు కింద అదే కూరుస్తాను. మాస్టారూ ఇక్కడే ఉన్నారు."

ముందు గదిలో మాస్టారి కుర్చీ కిర్రుమంది.

అక్కడికైనా ఆపి ఉండవచ్చు. కోటేశ్వరరావు మనసులో ఆపు బాబాయ్, ఆపు అనుకుంటూనే ఉన్నాడు. జక్కయ్య మేకుకి గుచ్చి ఉన్న ప్రూఫులు వెతికి ఒక కాయితం తీశాడు. "ఆఖరి ప్రూఫు మీద సంతకం మీదేనండి. చూశానని ఉంది. చూసుంటే, ఈ లైను మీకు సమ్మతమనేగా? చూడకపోతే, లైను నిజమనేగా?"

వెంకటకృష్ణారావుగారి మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది. ఆయన ఆ కాయితం లాక్కుని నాలుగు ముక్కలు చేశారు. "బయటికి నడు," అన్నారు చాలా నెమ్మదిగా. జక్కయ్య చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు ఓనరుగారు కోటేశ్వరరావు వైపు తిరిగి, "చీటీ నువ్వు కూర్చు. నేను చెబుతాను, రాసుకో," అన్నారు.

అతను కూర్చాడు. జ, క, దాని ఒత్తు, య, దాని ఒత్తు. ఏ గడిలో ఏది ఉందో చూడక్కర్లేదు, వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళకు నేర్పినవాడి పేరే కూరుస్తున్నాయి అవి. 'దురుద్దేశముతో' అన్న మాట దగ్గర ఆగాడు. ఆగి, గుమ్మంలో నిలబడ్డ ఓనరుగారి చెప్పులు చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

తరవాత జక్కయ్య తిరగని ప్రెస్సు లేదు. ఎక్కడికి వెళ్ళినా బల్ల మీద చీటీ ముందే వచ్చి కూర్చుని ఉంది. "నీ చేతిని ఎవడు కాదంటాడు జక్కయ్యా, నీ నోటితోనే వచ్చింది చిక్కు," అన్నారు ఒకరు. "ఇవాళ ఆయన్నన్నావు, రేపు నన్నంటావు," అన్నారు మరొకరు. ఆ లైను అబద్ధమని మాత్రం ఒక్కరూ అనలేదు. వాళ్ళందరూ ఆ సభలో ముందు వరసల్లో కూర్చుని కడుపుబ్బ నవ్వినవాళ్ళే. నవ్విన నోళ్ళతోనే పని లేదని చెప్పారు. యజమాని గురించి నిజం చెప్పినవాడిని చూసి నవ్వుకోవడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది. అతనికి ఒక మెతుకు కూడు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. కోటేశ్వరరావు ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రెండు నెలలకి జక్కయ్య భార్య శౌరమ్మ ప్రెస్సు సందు మొదట్లో కోటేశ్వరరావు కోసం నిలబడి ఉంది. జక్కయ్య సొంత స్టిక్కు లోపల ఉండిపోయిందట, అది తీసుకెళ్ళడానికి వచ్చింది. తెచ్చి ఇచ్చాడు. దాన్ని కొంగులో చుట్టుకుంటూ అడిగింది:

"ఎక్కడన్నా పనుంటే చెప్పు నాయనా. మీ బాబాయి నోటి సంగతి నాకు తెలుసు, పెళ్ళినాడే మా నాన్నతో అన్నాడు పెళ్ళి కూరలో ఉప్పెక్కువైందని. కానీ దురుద్దేశం ఉన్న మనిషి కాదు. ఆ లైను పుస్తకంలో పెట్టిందెవరయ్యా అంటే పలకడు. ఎన్నిసార్లడిగినా గోడకి తిరిగి పడుకుంటాడు. నీకేమన్నా తెలుసా?"

"తెలియదు పిన్నీ," అన్నాడు కోటేశ్వరరావు.

మొదటిసారి నోరు పెగల్లేదు. ఈసారి పెగిలింది, అబద్ధం చెప్పడానికి. ఇంటికెళ్ళి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. మొదటిదానికి భయం అని పేరు పెట్టుకోవచ్చు. రెండోదానికి ఏ పేరూ దొరకలేదు.

మరుసటి ఏడు ఓనరుగారు అతన్ని వెనక గదికి పెద్దని చేశారు. కిటికీ దగ్గర జక్కయ్య నిలబడిన చోటే అతను నిలబడ్డాడు. గదిలో ఇప్పుడు సీసంలో కూడా ఎవరూ మాట్లాడుకోవడం లేదు. కొత్తగా చేరిన ఇద్దరూ అతన్ని "ఏవండీ" అంటున్నారు. కవిగార్లు వచ్చి ఎలా ఉందంటే "చాలా బాగుందండి" అంటున్నాడు. తను ఆ మాట ఎంత తేలిగ్గా అంటున్నాడో ఒకరోజు తనే విని ఉలిక్కిపడ్డాడు.

జక్కయ్య గుణదల ఇల్లు ఖాళీ చేశాడని తెలిసింది. ఎక్కడికెళ్ళాడో చాలా కాలం తెలియలేదు. 1977లో రత్తయ్య చెప్పాడు. కొండపల్లి దగ్గర కరెంటు స్టేషను కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు దగ్గర హాజరు పట్టీ రాస్తున్నాడట. కోటేశ్వరరావు మూడు ఆదివారాలు బయలుదేరి మానేశాడు. నాలుగో ఆదివారం పాసింజరెక్కాడు.

పని జరిగేచోట గేటు పక్కన రేకుల పాక. అందులో చెక్కపెట్టె మీద జక్కయ్య. జుట్టు బాగా నెరిసింది. వేళ్ళకి ముప్పయ్యేళ్ళ సీసం నలుపు పోయి సిమెంటు తెలుపు పట్టింది. చూడగానే గుర్తుపట్టాడు.

"రారా కోటేశూ, కూర్చో. లావెక్కావే. అమ్మెలా ఉంది?"

"పోయింది బాబాయ్, నిరుడు."

"అయ్యో. చెప్పి పంపలేదే." చెక్కపెట్టె మీద పక్కకి జరిగి చోటిస్తూ, "ప్రెస్సులో ఏం వేస్తున్నారు?" అన్నాడు.

చెప్పాడు. శౌరమ్మ పిన్ని గురించి అడిగాడు. కొండపల్లిలో బొమ్మలకి రంగులు వేసే వాళ్ళింట్లో పనికి పోతోందన్నాడు. చెప్పడానికి వచ్చిన మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. చివరికి కోటేశ్వరరావు కాళ్ళ దగ్గరి కంకర వైపు చూస్తూ అన్నాడు:

"బాబాయ్, ఆ లైను పేజీలో పెట్టింది నేనే. ఊరికే సందులో దూర్చాను, తీయడం మరిచిపోయాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మైకులో చదువుతున్నప్పుడే. ముప్పయ్యేడో పేజీలో దిద్దుబాట్లు కూర్చింది నువ్వేగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావనుకున్నా." జక్కయ్య హాజరు పట్టీ మూసి పక్కన పెట్టాడు. "చీటీ చూశాను. శుభ్రంగా కూర్చావు. మాటకీ మాటకీ మధ్య జాగా ఎక్కడా తేడా లేదు. నా పేరు దగ్గర ఒక్క అక్షరమన్నా వంకరగా పడిందేమో, చెయ్యి కాస్తన్నా వణికిందేమో అని చాలాసేపు వెతికా. లేదు. నేను నేర్పిన పనే."

కోటేశ్వరరావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నన్ను క్షమించు బాబాయ్. ఈ మాట చెప్పడానికే వచ్చాను."

బయట లారీ హారన్ కొట్టింది. జక్కయ్య లేచి వెళ్ళి గేటు తీసి, లారీ లోపలికి పోయాక మళ్ళీ గొలుసు వేసి వచ్చాడు. కూర్చోలేదు. కోపమేమీ లేదు గొంతులో. ఎప్పటిలాగే, అడిగినదానికి జవాబు చెబుతున్నట్టే అన్నాడు:

"నాకు తెలిసింది నాకు చెప్పడానికి రైలెక్కి ఇంతదూరం దేనికిరా? తెలియనివాళ్ళు గవర్నర్‌పేటలో ఉన్నారు. రేపు పొద్దున్న నువ్వెళ్ళేది అక్కడికేగా."